ముందు ఏ దారి ఊడుస్తారు?

షికాగోలో ఇంటి నంబరే దూరం చెబుతుంది. స్టేట్ స్ట్రీటూ మాడిసన్ స్ట్రీటూ కలిసే కూడలిని సున్నాగా పెట్టుకుని, అక్కడినుంచి దాదాపు అంతటా ఎనిమిది వందల నంబర్లకు ఒక మైలు చొప్పున ఊరంతా గళ్లు గీశారు. మనవాళ్ల పచారీ కొట్లూ చీరల దుకాణాలూ మిఠాయి అంగళ్లూ వరసగా ఉండే డెవాన్ ఎవెన్యూ 6400 నార్త్. అంటే నడిబొడ్డుకు ఎనిమిది మైళ్లు ఉత్తరాన ఉన్నట్టు. నేనుండేది డెవాన్ పక్క వీధిలో. ఉద్యోగం నడిబొడ్డున, లూప్‌లో. లెక్క ఇంత తేటగా ఉన్న ఊళ్లో సైకిలుకు దారి వెతుక్కోవడం కష్టం కాకూడదు. వేసవిలో కాదు కూడా. మొదటి గట్టి మంచు పడిన రోజు నుంచి మాత్రం పటం మీద గీతకీ నేల మీద దారికీ పొంతన ఉండదు. నిన్న సైకిళ్లు వెళ్లిన వరసలో ఇవాళ మోకాలెత్తు మంచు గట్టు ఉంటుంది. పటంలో ఆ గీత మాత్రం అలాగే ఉంటుంది.

చలికాలంలో ఇంత పెద్ద ఊరిని సైకిలు మీద క్షేమంగా దాటించే దారి ఏది? చాలా ఏళ్లుగా ఈ ప్రశ్న వెంట తిరుగుతున్నాను. మొదట్లో ఇది వీధుల పేర్ల ప్రశ్న అనుకునేదాన్ని. ఇప్పుడలా అనుకోవడం లేదు. దారి క్షేమంగా ఉండటం దాని వెడల్పును బట్టో అందాన్ని బట్టో తేలదు. దాన్ని ఎవరు శుభ్రం చేస్తారు, ఎప్పుడు చేస్తారు, ఎవరిని దృష్టిలో పెట్టుకుని చేస్తారు అన్నదాన్ని బట్టి తేలుతుంది.

తెనాలి నుంచి అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా ‘కారు కొనుక్కోవచ్చుగా తల్లీ, ఆ మంచులో సైకిలేంటి?’ అంటుంది. ఆమె భయంలో తప్పేమీ లేదు. నాకు సైకిలు ఇష్టం, పొద్దున్నే ఒళ్లు వేడెక్కి ఆఫీసులో అడుగుపెట్టడం ఇష్టం, నడిబొడ్డున కారు నిలపడానికి కట్టాల్సిన డబ్బు మిగలడం ఇంకా ఇష్టం. అయితే నాకు వేరే దారులున్నాయి. రైలుంది, బస్సుంది, ఇంట్లోంచి పనిచేసే వెసులుబాటుంది. అవేవీ లేనివాళ్లను డెవాన్ మీద అర్ధరాత్రి చూస్తాను. హోటళ్ల వంటగదుల్లో గిన్నెలు కడిగి, పొయ్యిలు ఆర్పి, పాత సైకిలెక్కి ఇళ్లకు వెళ్లేవాళ్లు. సంచీ భుజానేసుకుని భోజనాలు చేరవేసేవాళ్లు. చదువుకోవడానికి కొత్తగా వచ్చి ఇంకా కారు కొనని మన పిల్లలూ కనిపిస్తారు. జనవరిలో సైకిలు తొక్కేవాడంటే సాహసాల పిచ్చి ఉన్నవాడని ఇక్కడ చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో వాళ్లలో ఎక్కువమంది పని చేసుకుని ఇంటికి పోవాల్సినవాళ్లు.

దారి అడిగితే అందరూ ముందు చెప్పేది సరస్సు ఒడ్డున ఉన్న లేక్‌ఫ్రంట్ ట్రెయిల్. ఉత్తరాన 5800 దగ్గరి ఆర్డ్‌మోర్ నుంచి దక్షిణాన 71వ వీధి దాకా పద్దెనిమిది మైళ్లకు పైగా సాగుతుంది. ఒక్క కారు ఉండదు. 2018 నాటికి నడిచేవాళ్లకీ సైకిళ్లకీ విడివిడిగా బాటలు వేశారు. ఏళ్ల తరబడి సాగిన నేవీ పియర్ వంతెన పని కూడా 2021లో పూర్తయింది. పార్కుల శాఖ ఇక్కడ మంచు బాగానే తీస్తుంది, చాలాసార్లు మా వీధికంటే ముందే. వేసవిలో దీనికి సాటి వచ్చే దారి ఈ దేశంలో తక్కువ.

చలికాలంలో దీని సంగతి సరస్సు తేలుస్తుంది. మిషిగన్ సరస్సు ఉత్తర దక్షిణాలుగా మూడు వందల మైళ్ల పొడవుంటుంది. షికాగో దాని దక్షిణపు కొస దగ్గర ఉంది. ఉత్తరపు గాలి గట్టిగా వీస్తే ఆ మూడు వందల మైళ్ల నీటి మీద బలం పుంజుకున్న కెరటాలు వచ్చి ఓక్ స్ట్రీట్ మలుపు దగ్గర కాంక్రీటు గట్టును కొడతాయి. ఎగిరిన నీళ్లు బాట మీద పడి అక్కడికక్కడే గడ్డకడతాయి. ఒక కెరటం మీద ఇంకొకటి పడి పొర మీద పొర పేరుకుంటుంది. బాట సరస్సు వైపు వాలుగా ఉన్నచోట ఆ గడ్డ మీద జారితే ఆపడానికి ఏ కమ్మీ లేదు, కింద గడ్డకట్టే నీళ్లు. అందుకే అలాంటి రోజుల్లో పార్కులవాళ్లు అడ్డుకట్టలు పెట్టి ఆ ముక్కను మూసేస్తారు. 2011 ఫిబ్రవరి తుపానులో ఈ బాట పక్కనే ఉన్న లేక్ షోర్ డ్రైవ్ మీద వందలాది కార్లు మంచులో కూరుకుపోయి, లోపలివాళ్లు రాత్రంతా చిక్కుకుపోయారు. కార్లనే కదలనివ్వని గాలి అది.

ఇంకో సంగతి కూడా ఉంది. డిసెంబరు మధ్యలో ఇక్కడ సాయంత్రం నాలుగు ఇరవైకే పొద్దు గుంకుతుంది. నేను ఆఫీసు వదిలేసరికి సరస్సు ఒడ్డు చిమ్మచీకటి. ఒకవైపు నీళ్లు, ఒకవైపు ఎనిమిది వరసల రోడ్డు, మధ్యలో మైళ్లకొద్దీ మనిషి ఉండడు. పడితే ఎవరు చూస్తారు, ఎవరైనా అడ్డం వస్తే ఎటు పోవాలి అనే ఆలోచన ఆడవాళ్లకు రాకుండా ఉండదు. కార్లు లేవు కాబట్టి క్షేమం అనే మాట సగమే నిజం. మనుషులు ఉండటం కూడా క్షేమంలో భాగమే.

రెండో దారి క్లార్క్ స్ట్రీట్. గళ్ల ఊరిని ఇది ఐమూలగా కోస్తుంది కాబట్టి దూరం కలిసొస్తుంది. ఈ ఐమూల వీధుల కథ నాకు చాలా ఇష్టం. మంచుయుగం చివర్లో మిషిగన్ సరస్సు ఇప్పటికంటే ఎత్తుగా, లోపలిదాకా ఉండేది. అది వెనక్కు తగ్గినప్పుడల్లా ఒడ్డున ఇసుక గట్లు మిగిలాయి. చుట్టూ అంతా చిత్తడి, ఆ గట్లు మాత్రం రెండు మూడు నిలువుల ఎత్తులో పొడిగా ఉండేవి. పొటవాటమీ మొదలైన ఇక్కడి మూలవాసులు ఆ గట్ల మీదే నడిచారు. ఉత్తరాన గ్రీన్ బే దాకా వెళ్లే వాళ్ల బాటే తర్వాత క్లార్క్ స్ట్రీట్ అయింది. మిల్వాకీ ఎవెన్యూ కూడా అలాంటి పాత బాటే. గళ్లు గీసినవాళ్లు ఊరిని తిన్నగా కోశారు కానీ ఆ బాటలను చెరపలేకపోయారు. ఏ కాలంలోనైనా కాలు దిగబడని నేల ఎక్కడుందో చూసి వేసిన దారులవి. జారని నేల కోసం వెతికేటప్పుడు నాకు వాళ్లు గుర్తొస్తారు.

ఇప్పటి క్లార్క్ మీద పొడి నేలకు కొదవ లేదు. పెద్ద వీధి కాబట్టి మంచు తీసే ట్రక్కులు ముందు ఇక్కడికే వస్తాయి, ఉప్పు చల్లుతాయి. కానీ ట్రక్కు ముందున్న పలక మంచును మాయం చేయదు, పక్కకు తోస్తుంది. ఆ పక్కనే గీతలు గీసిన సైకిలు వరస ఉంటుంది, దాని పక్కన ఆగిన కార్లు. మంచు గట్టుకు జడిసి కార్లవాళ్లు అడుగు ఇవతలకు ఆపుతారు. మిగిలిన ఇరుకులో ఎడమవైపు బస్సు, కుడివైపు ఏ క్షణాన తెరుచుకుంటుందో తెలియని కారు తలుపు. తలుపు తెరుచుకున్నా వేసవిలో తప్పుకోవడానికి కాస్త చోటుండేది, ఇప్పుడుండదు. పైగా గడ్డ మీద వెనక కారుకు బ్రేకు పట్టదు. గంటకు ఇరవై మైళ్లు కాక ముప్ఫై మైళ్లతో వచ్చే కారు తగిలితే దానిలోని శక్తి రెట్టింపు కంటే ఎక్కువ. కొన్ని కూడళ్లలో తెల్లరంగు పూసిన సైకిళ్లు స్తంభాలకు కట్టి ఉంటాయి, అక్కడ చనిపోయినవాళ్ల గుర్తుగా. వాటి పక్కనుంచి రోజూ వెళ్లేవాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పనక్కర్లేదు.

అందుకే కార్లకీ సైకిళ్లకీ మధ్య అడ్డు ఉన్న వరసలు కావాలని ఇక్కడివాళ్లు ఎంతో కాలం అడిగారు. 2011లో కిన్జీ స్ట్రీట్ మీద మొదటిది వచ్చింది. 2012 డిసెంబరులో డియర్‌బార్న్ మీద రెండువైపులా వెళ్లే వరస, సైకిళ్లకు వేరే సిగ్నళ్లతో సహా, లూప్ మధ్యలోంచి వేశారు. అవి ఊరికి మంచి రోజులు. అయితే ఆ అడ్డు చలికాలంలో ఒక చిక్కు తెస్తుంది. పెద్ద ట్రక్కు ఆ ఇరుకు వరసలో పట్టదు. దానికి చిన్న బండి కావాలి, దాన్ని నడిపే మనిషి కావాలి, ఆ మనిషి పొద్దున్నే రావాలి. చిన్న బండి వచ్చిన రోజు ఆ వరస అంతటి హాయి ఇంకోటి లేదు. రాని రోజు నన్ను కాపాడటానికి కట్టిన గోడే నన్ను మంచులో బంధిస్తుంది, పక్కకు తప్పుకుందామన్నా వీలుండదు. కాంక్రీటు ఒక్కసారి పోస్తే చాలు, ఊడవడం మాత్రం మంచు పడ్డప్పుడల్లా ఉంటుంది. ఒకదానికి డబ్బిచ్చి రెండోదానికి ఇవ్వకపోతే ఆ దారి సగం ఏడాదికే కట్టినట్టు.

ఇక మిగిలినవి చిన్న వీధులు. రైలు కట్టను ఆనుకుని సాగే రేవెన్స్‌వుడ్ ఎవెన్యూ నాకు దగ్గర. ఒకవైపు కట్ట ఉంది కాబట్టి ఆ పక్కనుంచి బండ్లు రావు, వచ్చే కొద్దిపాటి కార్లూ నెమ్మది. మామూలు రోజుల్లో దీన్ని మించింది లేదు. కానీ ఊరు ముందు పెద్ద వీధులు ఊడ్చి, అవి అయ్యాకే చిన్న వీధుల్లోకి వస్తుంది. ఈలోగా కార్ల చక్రాలు తొక్కి తొక్కి మంచును గాళ్లుగా చేస్తాయి, రాత్రికి అవి రాయిలా బిగుస్తాయి. ముందు చక్రం ఆ గాడిలో పడితే ఎటు తిప్పినా తిరగదు. రైలు వంతెనల కింద ఇంకో ప్రమాదం. పైనుంచి చుక్కలుగా కారిన నీళ్లు చీకట్లో అద్దంలా గడ్డకట్టి ఉంటాయి, తారు రంగులో కలిసిపోయి కనపడవు.

కొత్తవాళ్లు చలికి భయపడతారు. భయపడాల్సింది నీళ్లు గడ్డకట్టే హద్దుకు అటూ ఇటూ ఊగే రోజులకు. 2019 జనవరి 30న ఇక్కడ ఉష్ణోగ్రత సున్నా ఫారన్‌హీట్‌కు 23 డిగ్రీలు దిగువకు పడిపోయింది. అలాంటి రోజున ఇల్లు కదలకూడదు, అందులో రెండో మాట లేదు. కానీ అలాంటివి అరుదు. బాగా చలిగా, పొడిగా ఉన్న రోజు నేల చక్కగా పట్టు ఇస్తుంది. మధ్యాహ్నం కాస్త ఎండ కాసి మంచు కరిగి, సాయంత్రం మళ్లీ గడ్డకట్టే రోజులు ఎముకలు విరిచేవి. పొద్దున వెళ్లిన దారే సాయంత్రానికి వేరే దారి. అందుకే వెళ్లే దారీ తిరిగొచ్చే దారీ ఒకటే కావాలనే పట్టుదల మానుకోవాలి. కరిగిన నీళ్లు ఎటు పారతాయో, ఎండ ఏ పక్క పడుతుందో, ఏ వంతెన మీద ఇనుప జాలీ ఉందో తెలుసుకోవాలి. షికాగో నది మీద లేచే వంతెనలు చాలావాటికి నేలే ఇనుప జాలీ. తడిసినా మంచు పట్టినా అది సబ్బులా జారుతుంది. కొన్నిటి మీద సైకిళ్ల వరసలో జాలీని కప్పుతూ పలకలు వేశారు. నది దాటాలంటే అలాంటి వంతెనను ఎంచుకుని, దానికి అనువుగా మిగతా దారిని వెనక్కి అల్లుకుంటూ రావాలి.

నా దారి ఇలా తయారైంది. కొత్త మంచు పడిన పొద్దున పెద్ద వీధి, కానీ తెల్లవారుతుండగానే, ట్రక్కులు వెళ్లాక, రద్దీ మొదలయ్యేలోగా. రెండు మూడు రోజులు గడిచాక రేవెన్స్‌వుడ్. గాలి నెమ్మదించి వెలుగున్నప్పుడు సరస్సు ఒడ్డు. వీటన్నిటినీ మించి, ఏ దారైనా 22 నంబరు బస్సుకు వీలైనంత దగ్గరగా ఉండాలని పెట్టుకున్నాను. ఆ బస్సు క్లార్క్ మీద రాత్రంతా నడుస్తుంది. ముందు భాగంలో రెండు సైకిళ్లు పెట్టుకునే చట్రం ఉంటుంది. రైల్లోకి పనిరోజుల్లో పొద్దున ఏడు నుంచి తొమ్మిది, సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా సైకిళ్లను రానివ్వరు. బస్సుకు ఆ అడ్డు లేదు. మధ్యలో మానుకునే వీలున్న దారి వేరు, మొదలుపెడితే చివరిదాకా తొక్కి తీరాల్సిన దారి వేరు. చలికాలంలో మొదటిదే దారి.

సామగ్రి గురించి ఎక్కువ చెప్పను. లోహపు మేకులున్న టైర్లు కొనండి, డబ్బు పెట్టాల్సింది అక్కడే. గడ్డ మీద పట్టు ఇచ్చేవి అవొక్కటే. చేతులకు మంచి తొడుగులు, ముందూ వెనకా దీపాలు. చలికి బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి ఇంకోటి సంచీలో. ఉప్పు గొలుసును తినేస్తుంది కాబట్టి తరచు తుడవడం. బయల్దేరిన మొదటి పది నిమిషాలు కాస్త చలిగా ఉంటేనే బట్టలు సరిపోయినట్టు. దుకాణాల్లో అమ్మేవి దాదాపు అన్నీ మనిషిని దారికి తగ్గట్టు మార్చేవే. వంటగదిలో పనిచేసి వచ్చే ఆ కుర్రాడు మేకుల టైర్లు ఎక్కణ్ణుంచి కొంటాడు? దారే అతనికి తగ్గట్టు మారాలి.

మారడం సాధ్యమేనని వేరే ఊళ్లు చూపించాయి. కోపెన్‌హేగన్‌లో ముఖ్యమైన సైకిలు దారుల మంచును కార్ల వరసలకంటే ముందు తీస్తారు. ఆర్కిటిక్ వలయానికి దగ్గరలో ఉన్న ఫిన్లాండులోని ఔలు ఊళ్లో పిల్లలు మంచులో సైకిళ్ల మీదే బడికి వెళ్తారు. చలికాలపు సైకిలు ప్రయాణం గురించిన అంతర్జాతీయ సదస్సు మొదటిసారి 2013లో జరిగింది కూడా అక్కడే. మిన్నియాపోలిస్‌లో పాత రైలు కందకంలో వేసిన మిడ్‌టౌన్ గ్రీన్‌వేను పట్టుగా ఊడుస్తారు. మాంట్రియల్ 2020లో సాంద్‌ని వీధిలో వెడల్పైన సైకిలు దారి వేసి చలికాలమంతా తెరిచి ఉంచుతోంది. కోపెన్‌హేగన్ తప్ప ఇవన్నీ షికాగోకంటే ఎక్కువ చలి ఉన్న ఊళ్లు.

నన్ను అన్నిటికంటే కదిలించింది స్వీడన్‌లోని కార్ల్‌స్కోగా అనే చిన్న ఊరు. 2011 ప్రాంతంలో అక్కడి అధికారులు తమ పనులు ఆడామగా ఇద్దరికీ సమానంగా ఉన్నాయా అని చూసుకుంటూ మంచు ఊడిచే వరస మీద కూడా కన్నేశారు. ముందు పెద్ద రోడ్లు, చివర నడకదారులూ సైకిలు దారులూ. పెద్ద రోడ్ల మీద కార్లలో వెళ్లేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. పిల్లల్ని బడిలో దింపి, బస్సెక్కి, నడిచి, సైకిలు మీద పనికి వెళ్లేవాళ్లలో ఆడవాళ్లు ఎక్కువ. కొద్ది అంగుళాల మంచులో కారు నడుస్తుంది, పిల్లల బండి తోయడం మహా కష్టం. వరస తిరగేశారు. ట్రక్కులు అవే, ఉప్పు అదే. ఎవరు ముందు అన్న ప్రశ్నకు జవాబు మారింది, అంతే.

ఈ ప్రశ్నకు ఉన్న బరువు షికాగోకు తెలియనిది కాదు. 1979 జనవరిలో పెద్ద మంచు తుపాను వచ్చి వీధులు రోజుల తరబడి పూడిపోయాయి. రైళ్లు కొన్ని స్టేషన్లలో ఆగకుండా వెళ్లాయి. అలా వదిలేసినవాటిలో నల్లజాతివాళ్ల పేటలున్నాయి. చలిలో నిలబడి, ఎదురుగా ఆగకుండా పోయే రైళ్లను చూసినవాళ్లు మరుసటి నెల ఓటేశారు. మేయర్ మైకేల్ బిలాండిక్ తన పార్టీ ప్రాథమిక ఎన్నికలోనే జేన్ బర్న్ చేతిలో ఓడిపోయాడు. ఆమె ఈ ఊరి మొదటి మహిళా మేయర్. అప్పటినుంచి మేయర్లందరూ పెద్ద వీధుల మంచు విషయంలో చాలా జాగ్రత్తగా ఉంటారు. కారు కదలకపోతే పదవి పోతుందని నేర్చుకున్నారు. నడిచేవాళ్లూ సైకిళ్లవాళ్లూ కదలకపోతే ఏమవుతుందో ఇంకా ఎవరూ నేర్పలేదు.

ఇక్కడ కార్ల దారి ఊడ్చే బాధ్యత ఊరిది. నడకదారి ఊడ్చే బాధ్యత దాని పక్కనున్న ఇంటి యజమానిది. పగలు ఏడు నుంచి ఏడు దాకా పడిన మంచును రాత్రి పదిలోగా, రాత్రి పడినదాన్ని పొద్దున పదిలోగా తీయాలి, అయిదడుగుల వెడల్పున. ఊరు ట్రక్కు పంపి ఒకరికి చేసే పనిని ఇంకొకరికి ఇరుగుపొరుగుల మంచితనానికి వదిలేసింది. చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి వీధిలో తొంభై తొమ్మిది ఇళ్లు ఊడ్చి ఒక్క ఇల్లు ఊడవకపోయినా దారి లేనట్టే. అందుకే వికలాంగుల హక్కుల కోసం పనిచేసే యాక్సెస్ లివింగ్, వీధుల కోసం పోరాడే బెటర్ స్ట్రీట్స్ షికాగో కలిసి, నడకదారుల మంచును ఊరే తీయాలని అడుగుతున్నాయి. నేను వాళ్ల పక్షం. పన్నెండేళ్లు నిండినవాళ్లు నడకదారి మీద సైకిలు తొక్కకూడదని ఊరి చట్టం చెబుతుంది, అది సబబే. అలాంటప్పుడు రోడ్డు మీద మాకిచ్చిన వరసను మంచు పోసే చోటుగా వాడకూడదు.

నేపర్‌విల్ నుంచీ అరోరా నుంచీ షామ్‌బర్గ్ నుంచీ సరుకుల కోసం డెవాన్‌కు కార్లలో వచ్చే మనవాళ్లకు నాదొక విన్నపం. కారు ఆపాక తలుపును ఎడమచేత్తో తీయకండి, కుడిచేత్తో తీయండి. అలా తీయాలంటే ఒళ్లు తిరుగుతుంది, కళ్లు వెనక్కి చూస్తాయి. ఈ పద్ధతిని డ్రైవింగ్ నియమాల పుస్తకంలో చేర్చాలని ఇల్లినాయ్ 2018లోనే చట్టం చేసింది. మీ ఇంటి ముందు మంచు తీసేటప్పుడు మూలమలుపులో రోడ్డులోకి దిగే వాలును కూడా తీయండి, ఆ మంచును సైకిళ్ల వరసలోకి విసరకండి. షికాగోలో సైకిలు వరస పూడిపోయి కనిపిస్తే 311కు ఫోన్ చేసి వీధి పేరు చెప్పండి. మీరు సైకిలు తొక్కకపోయినా చెప్పండి.